వేడెక్కితే నలుసు వదులుతుందా, అంటుకుంటుందా?

(ఇంజనీరింగ్ విద్యార్థులు, విద్యుత్ కేంద్రాల సిబ్బంది కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. చివర శ్రోతల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ముందు వరసల్లో విద్యార్థులున్నారు. వెనక థర్మల్ కేంద్రాల్లో, సోలార్ పార్కుల్లో పనిచేసేవారు కూర్చున్నారు. మీ అందరికీ కలిపి ఒక ప్రశ్న వేస్తాను. ఒక పలక మీద కంటికి ఆనని నలుసు ఒకటి వాలింది. ఆ పలకను వేడి చేశాం. నలుసు పట్టు సడలుతుందా, బిగుస్తుందా?

సోలార్ ప్యానెళ్లు తుడిచే మనిషిని అడగండి. ఎండ ఎక్కి పొడిబారాక దుమ్ము గాలికే లేచిపోతుంది, పొద్దున తడిగా ఉన్నప్పుడే పట్టుకుని ఉంటుంది అంటాడు. అదే మనిషి ఇంకో మాటా అంటాడు: తడి ఆరిన తరువాత మిగిలే మచ్చ మాత్రం గోకినా పోదని. బాయిలర్ దగ్గర పనిచేసేవారిని అడిగితే, వేడి పెరిగితే బూడిద గొట్టాలకు రాయిలా పట్టేస్తుందంటారు. ఈఎస్పీ (పొగలోని బూడిదను విద్యుత్ చార్జ్‌తో పట్టే యంత్రం) చూసేవారు ఇంకో లెక్క చెబుతారు, అక్కడ వేడి పెరిగేకొద్దీ పట్టు పెరిగి మళ్లీ తగ్గుతుందని. వీళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఇన్ని జవాబులు ఎందుకొస్తున్నాయో తేల్చుకోవడమే ఈ రోజు మన పని.

నేను చెప్పబోయేదంతా ఒక్క వాక్యంలో ముందే పెడతాను. నలుసుకూ పలకకూ మధ్య ఉండే సహజమైన ఆకర్షణ వేడికి దాదాపుగా చలించదు. వేడి మార్చేది ఆ రెండింటి సందులో ఉన్నదాన్ని. అక్కడ నీరుందా, అక్కడి పదార్థం మెత్తబడుతుందా, అక్కడ చేరిన చార్జ్ కారిపోతుందా, నిలుస్తుందా. ఈ మూడూ తెలియకుండా "ఉష్ణోగ్రత పెరిగితే అతుకు ఎంత మారుతుంది" అని అడిగితే ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

మొదట నలుసు లోకం ఎలాంటిదో చూద్దాం. పది మైక్రాన్ల మందం ఉన్న ఇసుక నలుసును తీసుకోండి. మిల్లీమీటరులో నూరో వంతు. దాని బరువు పరిమాణం ఘనంతో తగ్గుతుంది, అతుక్కునే బలం మాత్రం పరిమాణంతో సమానంగా మాత్రమే తగ్గుతుంది. అంటే నలుసు పదో వంతుకు చిన్నదైతే బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది, పట్టు పదో వంతుకే తగ్గుతుంది. లెక్క కడితే, నునుపైన పలక మీద ఆ పది మైక్రాన్ల నలుసును పట్టి ఉంచే బలం దాని బరువుకు సుమారు ముప్పై వేల రెట్లు. నిజమైన పలకలు నునుపుగా ఉండవు కాబట్టి ఆ సంఖ్య నూరో వంతుకు పడిపోయిందే అనుకుందాం. అప్పటికీ బరువుకు వందల రెట్లు. అందుకే దుమ్ము పట్టిన గాజును తలకిందులు చేసినా సన్న దుమ్ము రాలదు. ఈ లోకంలో బరువుకు పెద్దగా చెలామణి లేదు.

ఆ బలం ఎక్కడిదంటే, అణువుల్లో ఎలక్ట్రాన్లు క్షణక్షణం అటూ ఇటూ ఊగడం వల్ల పుట్టేది. దాన్నే వాన్ డర్ వాల్స్ ఆకర్షణ అంటాం. 1930లో ఫ్రిట్జ్ లండన్ క్వాంటమ్ సిద్ధాంతంతో దాన్ని వివరించాడు. 1937లో హమాకర్ అణువుల మధ్య లెక్కను గోళాలకూ పలకలకూ విస్తరించి చూపాడు. తరువాత 1950ల్లో లిఫ్‌షిట్జ్ దాన్ని మరింత గట్టి పునాది మీద నిలబెట్టాడు. ఆయన లెక్కలో ఈ ఆకర్షణకు రెండు భాగాలుంటాయి. పెద్ద భాగం ఎలక్ట్రాన్ల వేగవంతమైన కదలికది, దానికి గది ఉష్ణోగ్రతలతో సంబంధం లేదు. చిన్న భాగం మాత్రం పరమ ఉష్ణోగ్రతతో (మామూలు డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) పాటు పెరుగుతుంది. గాలిలో ఉన్న ఇసుక నలుసుకూ గాజుకూ మధ్య ఆ చిన్న భాగం మొత్తంలో ఇరవయ్యో వంతుకు మించదు. 27 డిగ్రీల నుంచి 57 డిగ్రీలకు వేడి చేస్తే పరమ ఉష్ణోగ్రత పెరిగేది పది శాతమే. ఇరవయ్యో వంతులో పది శాతం, అంటే అర శాతం. అతుకు కొలిచే మామూలు పరికరాలు పట్టుకోలేనంత మార్పు.

"మరి వేడికి అణువులు కుదుపుతాయి కదా, ఆ కుదుపుకు నలుసు ఊడిపోదా?" అని ఇక్కడున్న పిల్లల్లో ఎవరికైనా తోచి ఉండాలి. మంచి సందేహం. ఒక వాయు అణువుకైతే అది నిజమే, వేడి చేస్తే గోడ వదిలి ఎగిరిపోతుంది. మన పది మైక్రాన్ల నలుసు అతుకు శక్తి మాత్రం గది ఉష్ణోగ్రతలో ఉండే ఒక్క ఉష్ణ కుదుపుకు ముప్పై వేల రెట్లు. గరుకుతనానికి మినహాయింపు ఇచ్చినా వందల రెట్లు. పలకను 27 డిగ్రీల నుంచి 87కు తీసుకెళ్తే కుదుపు పెరిగేది ఇరవై శాతమే. దాంతో ఆ నలుసు కదలదు.

కాబట్టి ఆకర్షణ మారడం లేదు, కుదుపు చాలడం లేదు. అయినా అనుభవంలో వేడికి పెద్ద పెద్ద మార్పులు కనిపిస్తున్నాయి. అవి ఎక్కడి నుంచి వస్తున్నట్టు?

ముందు నీటి సంగతి. ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది, కాస్త ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుతాను.

నలుసు పలకను తాకిన చోట చుట్టూ అతి ఇరుకైన సందు ఉంటుంది. అంత ఇరుకులో నీటి ఆవిరి సంతృప్తం కాకముందే ద్రవంగా మారి కూర్చుంటుంది. 1871లో లార్డ్ కెల్విన్ ఇచ్చిన సమీకరణం దీనికి లెక్క చెబుతుంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే, ఒక నానోమీటరు (మైక్రానులో వెయ్యో వంతు) కన్నా తక్కువ వంపు ఉన్న సందుల్లోనే నీరు నిలుస్తుంది. 90 శాతానికి చేరితే అయిదు నానోమీటర్ల సందులు కూడా నిండుతాయి. అలా నిండిన నీరు నలుసుకూ పలకకూ మధ్య వంతెన కడుతుంది. దాని తలతన్యత, అంటే నీటి పైపొర ముడుచుకోవాలని చూసే గుణం, నలుసును కిందికి లాగుతుంది. మనం చెప్పుకుంటున్న పది మైక్రాన్ల నలుసు మీద ఈ నీటి వంతెన లాగే బలం, నునుపు పలక లెక్కలో, వాన్ డర్ వాల్స్ బలానికి పది రెట్ల పైమాటే.

ఇప్పుడు వేడి చేయండి. 20 డిగ్రీల దగ్గర నీటి తలతన్యత మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు. 60 డిగ్రీల దగ్గర 66.2. అంటే తొమ్మిది శాతం తగ్గింది. నీటి వంతెన అలాగే ఉంటే దాని బలం కూడా తొమ్మిది శాతమే తగ్గాలి. కానీ వంతెన అలాగే ఉండదు. గాలిలో ఉన్న ఆవిరి మారకుండా ఉష్ణోగ్రత మాత్రమే పెరిగితే తేమ శాతం పడిపోతుంది. 20 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలిని 40 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 29 శాతం లోపుకు దిగుతుంది. సందుల్లో నీరు ఎండిపోతుంది, వంతెన తెగుతుంది. పట్టులో పెద్ద భాగం అక్కడే పోతుంది. ప్యానెళ్లు తుడిచే మనిషి "ఎండ ఎక్కాక దుమ్ము గాలికే లేస్తుంది" అన్న మాటకు కారణం ఇది.

అందుకే ప్రయోగశాలలో అతుకు కొలిచేటప్పుడు ఉష్ణోగ్రత రాసి తేమ రాయకపోతే ఆ కొలత నాకు పనికిరాదు. ప్లాంటు లాగ్‌బుక్కులోనూ అంతే. దయచేసి రెండూ రాయండి. పక్కపక్క గడుల్లో రాయండి.

ఆ మనిషి చెప్పిన రెండో మాట ఇంకా మిగిలే ఉంది, ఆరిన మచ్చ. కర్నూలు దగ్గర గని, శకునాల ప్రాంతంలో 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సోలార్ పార్కును మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ లక్షల పలకల గాజు ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. రాత్రి మబ్బు లేనప్పుడు గాజు తన వేడిని ఆకాశానికి వదులుతూ చుట్టూ ఉన్న గాలి కన్నా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. గాలి 25 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. 21 డిగ్రీల దగ్గర ఆ గాలిలోని ఆవిరి నీరుగా మారిపోతుంది. అంటే గాజు నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, మంచు పడుతుంది. దుమ్ములో ఉప్పు ఉంటే మంచు కూడా అక్కర్లేదు. 75 శాతం తేమ దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరు పీల్చి కరుగుతుంది.

ఆ తడిలో దుమ్ములోని కరిగే పదార్థాలు కరుగుతాయి, సన్నటి నలుసులు ఈది వెళ్లి పెద్ద నలుసుల అడుగున చేరతాయి. పొద్దున ఎండ తగలగానే నీరు లేచిపోతుంది. కరిగిన లవణాలు, సున్నం మాత్రం నలుసు అడుగున స్ఫటికాలుగా మిగులుతాయి. నిన్నటి నీటి వంతెన స్థానంలో ఇవాళ గట్టి వంతెన ఉంటుంది. మళ్లీ రాత్రి, మళ్లీ పగలు. ప్రతి చక్రానికీ పూత ఇంకాస్త బిగుస్తుంది. ఖతార్‌లో జరిగిన అధ్యయనాల్లో, జర్మనీలోని హాలె నగరంలో ఉన్న ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు అక్కడి వారితో కలిసి సూక్ష్మదర్శినిలో దీన్ని చూశారు. పాలిగోర్‌స్కైట్ అనే సూది ఆకారపు బంకమట్టి ఖనిజం నలుసులను గాజుకు అల్లినట్టు కట్టేయడం వారికి కనిపించింది. మన దగ్గర ఖనిజాలు వేరు. కర్నూలు, నంద్యాల వైపు సున్నపురాయి నేలలు, సిమెంటు ఫ్యాక్టరీలు. అక్కడి ధూళిలో సున్నం ఉండడం సహజం.

చూడండి, ఇక్కడ నలుసును బిగించింది వేడీ కాదు, చలీ కాదు. రెండూ ఒకదాని వెంట ఒకటి రావడం. ఎప్పుడూ 60 డిగ్రీల్లో పొడిగా ఉండే గాజు మీద దుమ్ము సులువుగా పోతుంది. రాత్రి 21, పగలు 60 అయ్యే గాజు మీద అదే దుమ్ము గట్టిపడుతుంది. సగటు ఉష్ణోగ్రత ఎంతో తెలిస్తే ఈ సంగతి తెలియదు.

దీన్నుంచి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. తుడవడం పొద్దున్నే, మంచు ఆరకముందే మొదలుపెట్టాలి. నిన్న కరిగింది ఇంకా స్ఫటికం కాలేదు, రాత్రి నీరు మనకు సగం పని చేసిపెట్టింది. మధ్యాహ్నం మండే గాజు మీద బోరు నీళ్లు కొట్టడం రెండు విధాలా నష్టం. గాజులో ఒత్తిడి పుడుతుంది, ఆ నీరు క్షణంలో ఆరి తనలోని లవణాలను అక్కడే వదిలేస్తుంది. కఠిన జలం అయితే మనమే చేత్తో సిమెంటు పూసినట్టు. చిన్న జల్లు కూడా ఇలాంటి హానే చేస్తుంది. పెద్ద వాన కడిగేస్తుంది, చిటపట చినుకులు మచ్చలు పెట్టి పోతాయి.

ఇక రెండోది, మెత్తబడడం. ఇందులో మొదట ఒక సిద్ధాంతం చెప్పాలి. 1971లో కేంబ్రిడ్జ్‌లో జాన్సన్, కెండల్, రాబర్ట్స్ అనే ముగ్గురు ఒక మెత్తని గోళం పలకకు ఎలా అతుకుతుందో లెక్క కట్టారు. ఆ పరిశోధన వెనక కారు అద్దం తుడిచే వైపర్ రబ్బరు ఉంది. రాబర్ట్స్ చూస్తున్నది అదే. వారి సూత్రంలో ఒక వింత ఉంది. గోళాన్ని ఊడబెరకడానికి కావలసిన బలం ఆ పదార్థం ఎంత మెత్తనిదన్నదాని మీద ఆధారపడదు! గోళం వ్యాసార్థం, రెండు తలాల అతుకు శక్తి, అంతే. అలాంటప్పుడు మెత్తబడితే ఎక్కువ అంటుకుంటుందని మనం రోజూ చూసేది ఎలా కుదురుతుంది?

సూత్రం నునుపైన తలాలకు చెప్పింది. 1975లో ఫుల్లర్, టేబర్ చేసిన ప్రయోగాలు మిగతా కథ చెప్పాయి. ఒక మైక్రాను స్థాయి గరుకుతనం ఉంటే చాలు, గట్టి రబ్బరు పట్టు దాదాపు మాయమవుతుంది. మెత్తని రబ్బరు మాత్రం ఆ గుంటల్లోకి దిగి పట్టు నిలుపుకుంటుంది. నిజమైన నలుసు నిజమైన పలకను తాకేది కొన్ని మొనల దగ్గరే. వేడికి అది మెత్తబడితే మొనలు అణగి, మధ్య గుంటలు నిండి, స్పర్శ వైశాల్యం పదుల రెట్లు, వందల రెట్లు పెరుగుతుంది. ఆకర్షణ బలం పాతదే. అది పనిచేసే చోటు పెరిగింది. ఇంకా వేడెక్కితే పదార్థం ప్రవహించడం మొదలెడుతుంది. చల్లారిన బెల్లం గోరుకు కూడా లొంగదు, అదే బెల్లం పాకమైతే గరిటెను వదలదు. రెండింటిలోనూ అణువులు అవే. ప్రవహించే నలుసు పలకను తడుపుతుంది, మెడలా కిందికి సాగి అతుకుతుంది. దాని వేగం చిక్కదనం మీద ఉంటుందని 1945లో ఫ్రెంకెల్ లెక్క చెప్పాడు. చిక్కదనం మాత్రం కొన్ని పదుల డిగ్రీలకే వేల రెట్లు పడిపోగలదు. అందుకే ఇక్కడ మార్పు మెల్లగా రాదు, ఒక గడప దాటినట్టు వస్తుంది.

ఆ గడపను పని కోసం వాడుకున్న కథ ఒకటి నాకు చాలా ఇష్టం. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, ఆయన సహాయకుడు ఓటో కోర్నై కలిసి మొదటి జిరాక్స్ ప్రతి తీశారు. గంధకం పూసిన జింకు పలకకు రాపిడితో చార్జ్ ఎక్కించి, అక్షరాలు రాసిన గాజు ముక్క మీదుగా వెలుగు వేసి, లైకోపోడియం మొక్క బీజాల పొడి చల్లారు. చార్జ్ నిలిచిన చోట పొడి నిలిచింది. దాన్ని మైనం కాగితం మీదికి తీసుకుని కాగితాన్ని వేడి చేశారు. మైనం మెత్తబడి పొడిని పట్టేసింది. "10.-22.-38 ఆస్టోరియా" అన్న అక్షరాలు కాగితం మీద నిలిచిపోయాయి. ఒకే పనిలో రెండు అతుకులున్నాయి చూశారా? మొదటిది చార్జ్ అతుకు, ఊదితే పోతుంది. రెండోది వేడి ఇచ్చిన అతుకు, అది పోదు. ఇవాళ్టి లేజర్ ప్రింటరూ ఇదే చేస్తుంది. టోనరు నలుసులు అయిదు నుంచి పది మైక్రాన్ల ప్లాస్టిక్కు. 60 డిగ్రీల పరిసరాల్లో గాజుస్థితి వదిలి మెత్తబడతాయి, 200 డిగ్రీలకు దగ్గరగా ఉండే రోలరు కింద కరిగి కాగితం పోగుల్లోకి దిగుతాయి. మన వేసవిలో మూసిన కారులో టోనరు పెట్టెను వదిలేస్తే లోపల గడ్డలు ఎందుకు కడుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

పాల పొడి తయారుచేసేచోట నీరూ మెత్తదనమూ కలిసి వస్తాయి. పూర్తిగా పొడిగా ఉన్న లాక్టోజ్ 101 డిగ్రీల దాకా గాజులా గట్టిగా ఉంటుంది. సుమారు ఏడు శాతం నీరు చేరితే గది ఉష్ణోగ్రతకే మెత్తబడుతుంది. డ్రయ్యరు గోడలకు పొడి పట్టేస్తోందంటే వేడి ఒక్కటే చూడకూడదు. వేడి తగ్గించాక పొడిలో తేమ మిగిలిపోయి పట్టడం ఇంకా పెరగవచ్చు.

ఇప్పుడు వెనక కూర్చున్నవారి దగ్గరికి వస్తాను.

బాయిలర్ ఫర్నేసులో మంట 1,300 డిగ్రీల పైన ఉంటుంది, ఆవిరి గొట్టాల పైతలం దానికన్నా ఎంతో చల్లగా ఉంటుంది. మొదట గొట్టం మీదికి చేరేది అతి సన్నటి నలుసులు, ఆవిరైన క్షార లవణాలు. వేడి వాయువులో సన్న నలుసు వేడి వైపు నుంచి చల్లని వైపుకు నెట్టబడుతుంది. ఎందుకంటే వేడి వైపు నుంచి వచ్చే వాయు అణువులు గట్టిగా కొడతాయి. 1870లో జాన్ టిండాల్ వేడి వస్తువు చుట్టూ దుమ్ము లేని నల్లని పొర చూశాడు, అదీ దీని పనే. అంటే నలుసు చేరడం వేరు, చేరాక పట్టుకోవడం వేరు. చల్లని గొట్టం దగ్గర చేరడం ఎక్కువ, పట్టు తక్కువ. అందుకని మొదటి పొర పలుచగా, పొడిగా ఉంటుంది, సూట్ బ్లోయరు (గొట్టాల మీది బూడిదను ఊదేసే పరికరం) ఆవిరికి రాలిపోతుంది.

దాన్ని రాలనివ్వకుండా వదిలేస్తేనే చిక్కు. ఆ పొర వేడిని ఆపుతుంది. లోపల గొట్టం చల్లగానే ఉంటుంది, పొర పైభాగం మాత్రం రోజు రోజుకూ మంట వేడికి దగ్గరవుతుంది. ఒక మందం దాటాక పైభాగం మెత్తబడే గడపకు చేరుతుంది. అప్పటిదాకా తగిలి ఎగిరిపోయిన పెద్ద బూడిద నలుసులు ఇక అక్కడే దిగబడిపోతాయి. పూత మందం పెరుగుతుంది, పైభాగం ఇంకా వేడెక్కుతుంది. తనను తాను పెంచుకునే వలయం ఇది. కొత్తగూడెంలో అయినా, రామగుండంలో అయినా, ఇబ్రహీంపట్నంలో అయినా క్లింకరు (గట్టిపడిన బూడిద ముద్ద) పెరిగే తీరు ఇదే. సూట్ బ్లోయింగు ఆలస్యం చేస్తే రెట్టింపు శ్రమ అని మీ సీనియర్లు చెప్పే మాటకు శాస్త్రం ఈ వలయంలో ఉంది.

ఈఎస్పీ మూడో సందర్భం, చార్జ్ సంగతి. పొగలోని బూడిద నలుసుకు చార్జ్ ఎక్కించి ప్లేట్లకు లాగుతాం. ఫ్రెడెరిక్ కాట్రెల్ 1907లో మొదలుపెట్టిన పద్ధతి. ప్లేటు చేరిన నలుసు చార్జ్ ప్లేటులోకి కారిపోవాలి. ఎంత వేగంగా కారుతుందన్నది బూడిద పొర రెసిస్టివిటీ (కరెంటును అడ్డుకునే గుణం) మీద ఉంటుంది. అది మరీ తక్కువైతే చార్జ్ వెంటనే పోయి, పట్టు సడలి, నలుసు మళ్లీ పొగలో కలుస్తుంది. మరీ ఎక్కువైతే చార్జ్ దిగదు, పొర ప్లేటును గట్టిగా కరుచుకుంటుంది, ప్లేట్లను దులిపే ర్యాపింగు సుత్తులు కొట్టినా రాలదు. పొరలోనే మెరుపులు పుట్టి ఎదురు కరోనా, అంటే ప్లేటు వైపు నుంచి వెనక్కి విద్యుత్ విడుదల, మొదలవుతుంది, చిమ్నీ నుంచి బూడిద పోతుంది.

ఉష్ణోగ్రతకు ఈ రెసిస్టివిటీ స్పందించే తీరు చాలా అందంగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు నలుసుల పైన తేమ, ఆమ్లం పలుచని పొరగా కూర్చుని కరెంటును మోస్తాయి. వేడెక్కేకొద్దీ ఆ పొర ఆరిపోతుంది, రెసిస్టివిటీ పెరుగుతుంది. సుమారు 150 డిగ్రీల దగ్గర శిఖరానికి చేరుతుంది. దాని పైన సోడియం లాంటి అయాన్లు నలుసు లోపల కదలడం మొదలెట్టి మళ్లీ తగ్గిస్తాయి. మన దురదృష్టం, ఎయిర్ హీటరు (పొగ వేడితో గాలిని వేడిచేసే పరికరం) దాటి వచ్చే పొగ ఉండేది 130, 150 డిగ్రీల మధ్యే. శిఖరం పక్కనే నిలబడి పనిచేస్తున్నాం. దానికి తోడు మన బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకం తక్కువ. గంధకం తక్కువైతే నలుసు మీద ఆమ్లపు పొర కూడా తక్కువే. అందుకే కొన్ని కేంద్రాల్లో పొగలోకి సల్ఫర్ ట్రైఆక్సైడ్, అమోనియా లాంటి వాయువులు వదులుతారు.

శిఖరం నుంచి తప్పుకోవడానికి రెండు దారులు. అమెరికాలో 1970ల్లో ఎయిర్ హీటరుకు ముందే, మూడు నాలుగు వందల డిగ్రీల దగ్గర ఈఎస్పీలు కట్టారు. కొన్నాళ్లు బాగానే పనిచేసి చిక్కులో పడ్డాయి: ప్లేటును ఆనుకున్న పొరలోని సోడియం అయాన్లు మెల్లగా వలసపోయి, అక్కడ కరెంటు మోసేవి కరువయ్యాయి. జపాన్ రెండో దారి పట్టింది. పొగను 90 డిగ్రీల దగ్గరికి చల్లబరిచి ఈఎస్పీకి పంపుతారు. ఆమ్లం బూడిద మీదే చేరుతుంది, రెసిస్టివిటీ దిగుతుంది, చల్లబడిన పొగ ఘనపరిమాణం కూడా తగ్గుతుంది. నాకు జపాన్ దారే నచ్చుతుంది. పొగలోంచి తీసిన వేడి వృథా కాదు, దాన్ని మళ్లీ ప్లాంటులోనే వాడుకోవచ్చు. మన బూడిద ఎక్కువ కాబట్టి హీట్ ఎక్స్‌ఛేంజరు అరుగుదల గురించి జాగ్రత్తగా ఆలోచించాలి, అంతే.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న (విద్యార్థిని): మేడమ్, తేమ అసలు లేని చోట నలుసులు అంటుకోవా?

బాగా అడిగావమ్మా. చంద్రుడి మీద గాలి లేదు, ద్రవ రూపంలో నీరు లేదు. అయినా అపోలో వ్యోమగాములను అన్నిటికన్నా విసిగించింది దుమ్మే. 1972 డిసెంబరులో అపోలో 17 రోవరు బ్యాటరీల మీద దుమ్ము పట్టి, వేడి బయటికి పోక అవి కాగిపోయాయి. మన గాజు మీద ఎప్పుడూ నీటి, గాలి అణువుల పొర ఒకటి ఉంటుంది, అది రెండు తలాలను కాస్త దూరంగా ఉంచుతుంది. శూన్యంలో ఆ పొర ఉండదు కాబట్టి తలాలు నేరుగా తాకుతాయి. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నలుసులకు చార్జ్ ఇస్తాయి, అది కారిపోయే దారి ఉండదు. పైగా అక్కడి నలుసులు నీటికీ గాలికీ అరగనివి, పదునైనవి, బట్టలో గుచ్చుకుంటాయి. నీరు తీసేస్తే ఒక పట్టు పోతుంది, మిగతావి ముందుకొస్తాయి.

ప్రశ్న (థర్మల్ కేంద్రం ఉద్యోగి): రాత్రి లోడు తగ్గించినప్పుడు క్లింకరు దానంతటదే రాలుతుంది. చల్లబడితే గట్టిపడాలి కదండీ?

గట్టిపడుతుందండీ, గట్టిపడడం వల్లే రాలుతుంది. మెత్తగా ఉన్నంతసేపు గొట్టం ఎంత సాగినా కుంచించుకున్నా పూత దాని వెంట సర్దుకుంటుంది. చల్లబడి పెళుసైన పూత అలా సర్దుకోలేదు. ఉక్కు కుంచించుకునే కొలత వేరు, బూడిద పూత కుంచించుకునే కొలత వేరు. ఆ తేడా అంతా రెండూ కలిసే చోట ఒత్తిడిగా పేరుకుని పగులు తెస్తుంది. పూత ఎంత మందంగా ఉంటే అంత సులువుగా ఊడుతుంది. అయితే పెద్ద ముక్కలు ఒక్కసారి పడితే కింద గొట్టాలు దెబ్బతింటాయి, కింద మనుషులుంటే ప్రాణాపాయం. లోడు తగ్గించే వేళ ఆ చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూడండి. ఇది మాత్రం మరీ మరీ చెబుతున్నాను.

ప్రశ్న (మరొకరు): మాది ఊక, పత్తికట్టె కలిపి మండించే చిన్న బాయిలరు. ఊక బూడిద అంతా సిలికానే అంటారు. అది కరిగే వేడి మా దగ్గర లేదు. మరి ముద్దలెందుకు కడుతోంది?

ఒక్క సిలికానే అయితే 1,700 డిగ్రీల దాకా కరగదు, నిజం. పత్తికట్టెల్లాంటి వాటిలో పొటాషియం ఉంటుంది. అది సిలికాతో కలిస్తే 800 డిగ్రీల లోపే కరిగే గాజు తయారవుతుంది. పొటాషియం క్లోరైడ్ కూడా 770 దగ్గర కరుగుతుంది, ఆవిరై వెళ్లి చల్లని గొట్టాల మీద పడుతుంది. మీరు చూడవలసింది విడివిడిగా ఒక్కో ఇంధనం బూడిదను కాదు, కలిపిన బూడిదను. ఏ పాళ్లలో మండిస్తున్నారో ఆ పాళ్లలోనే నమూనా తీసి మెత్తబడే ఉష్ణోగ్రత పరీక్ష చేయించండి. బెడ్ (ఇంధనం మండే పడక) ఉష్ణోగ్రత సగటు కాదు, ఎక్కడ ఎక్కువ ఉందో ఆ చోటు చూడండి, ముద్ద మొదలయ్యేది అక్కడే. పత్తికట్టె వాటా తగ్గించడం కుదరకపోతే కయోలిన్ అనే తెల్ల బంకమట్టిని కొద్దిగా కలిపి చూడవచ్చు. అందులోని అల్యూమినా, సిలికా పొటాషియాన్ని పట్టుకుని 1,500 డిగ్రీల పైన గానీ కరగని ఖనిజాలుగా మార్చేస్తాయి. ఎంత కలపాలన్నది మీ బూడిదలో ఉన్న పొటాషియం లెక్క చూసి నిర్ణయించాలి. ఆ పరీక్ష కాగితం తీసుకుని సభ అయ్యాక నా దగ్గరికి రండి, కూర్చుని లెక్క వేద్దాం.